యూనిక్స్ తరహా కంప్యూటర్‌తో ఇంటర్నెట్ గేట్‌వే

నిర్వచనం, పరిధి

ఇంట్లోనో కార్యాలయంలోనో ఉన్న స్థానిక నెట్‌వర్కుకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలిచి, ప్యాకెట్లను అటూ ఇటూ చేరవేసే కంప్యూటరును ఇంటర్నెట్ గేట్‌వే అంటారు. ఈ పనికోసమే తయారైన రూటర్ పెట్టెలు బజారులో దొరుకుతాయి. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ వంటి యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టం నడిచే మామూలు కంప్యూటరుతోనూ ఇదే పని చేయించవచ్చు. అందుకు మూడు కావాలి: రెండు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులు, వాటి మధ్య ప్యాకెట్లను దాటించే కెర్నెల్, ఏది దాటవచ్చో ఏది దాటకూడదో చెప్పే నియమావళి. మొదటి రెండూ ఈ సిస్టంలలో దశాబ్దాలుగా ఉన్నవే. గేట్‌వే మంచిచెడ్డలు దాదాపు పూర్తిగా మూడోదాని మీద ఆధారపడతాయి.

ఆర్‌ఎఫ్‌సీలనే తొలినాటి ప్రామాణిక పత్రాల్లో గేట్‌వే అంటే నేటి రూటరే. ఇంటర్నెట్ గేట్‌వేలకు ఉండవలసిన లక్షణాలను 1987 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1009 నిర్దేశించింది. 1995 జూన్‌లో దాని స్థానంలోకి వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1812 అదే పరికరాన్ని రూటర్ అంది. ప్రస్తుత వాడుకలో రూటింగ్‌తో పాటు చిరునామా మార్పిడి, ఫైర్‌వాల్, స్థానిక చిరునామాల పంపిణీ, డొమైన్ పేర్ల పరిష్కారం కూడా చేసే సరిహద్దు యంత్రానికి గేట్‌వే అన్న పేరు స్థిరపడింది. ఈ వ్యాసంలో ఆ పదాన్ని ఈ అర్థంలోనే వాడాం.

చరిత్ర: పరిశోధనా నెట్‌వర్కుల కాలం

భిన్నమైన నెట్‌వర్కులను గేట్‌వేల ద్వారా కలపవచ్చన్న ఆలోచన వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రచురించిన పత్రంలో ఉంది. 1983 జనవరి 1న ఆర్పానెట్ టీసీపీ/ఐపీకి మారింది. అదే ఏడు ఆగస్టులో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విడుదల చేసిన 4.2బీఎస్‌డీ యూనిక్స్‌లో టీసీపీ/ఐపీ అంతర్భాగంగా వచ్చింది. రూటింగ్ సమాచారాన్ని పొరుగు యంత్రాలతో పంచుకునే రూటెడ్ అనే ప్రోగ్రాం కూడా దానితో అందింది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న బీఎస్‌డీ యంత్రం ఏదైనా రూటరుగా పనికొచ్చే పరిస్థితి అలా ఏర్పడింది.

దీనితో ఒక చిక్కు కూడా వచ్చింది. రూటరుగా ఉండవలసిన అవసరమే లేని యంత్రాలు కూడా తమవి కాని ప్యాకెట్లను ముందుకు తోయసాగాయి. దీన్ని అరికట్టడానికి 1989 అక్టోబరు నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 ఒక నియమం పెట్టింది: మామూలు కంప్యూటరులో గేట్‌వే సామర్థ్యం ఉంటే దానికొక స్విచ్ ఉండాలి, ఆ స్విచ్ మొదట ఆఫ్‌లోనే ఉండాలి. లినక్స్ కెర్నెల్‌లో ఐపీ ఫార్వర్డింగ్ విలువ ఇప్పటికీ 0తో మొదలవుతుంది. బీఎస్‌డీ సిస్టంలలోనూ అంతే.

యూనిక్స్ యంత్రాలు చిన్న కార్యాలయాలకే పరిమితం కాలేదు. 1988లో అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ వెన్నెముక నెట్‌వర్కును సెకనుకు 1.5 మెగాబిట్ల లైన్లకు పెంచినప్పుడు, దాని 13 కూడళ్లలో ప్యాకెట్లను మళ్లించినవి బర్కిలీ యూనిక్స్ ఆధారిత సిస్టం నడిచే ఐబీఎం ఆర్‌టీ కంప్యూటర్ల గుంపులే. ఆ తర్వాత ప్రత్యేక రూటర్ల తయారీ పెద్ద పరిశ్రమగా ఎదిగింది. అయినా యూనిక్స్ తెరమరుగు కాలేదు. 1998లో మార్కెట్లోకి వచ్చిన జూనిపర్ రూటర్ల జూనోస్ సిస్టంకు ఫ్రీబీఎస్‌డీయే పునాది. కనుక సాధారణ కంప్యూటరుకూ ప్రత్యేక రూటరుకూ మధ్య గీత పైకి కనిపించేంత గట్టిది కాదు.

చరిత్ర: చిరునామాల కొరత, నాట్

ఐపీవీ4 చిరునామా పొడవు 32 బిట్లు. అంటే మొత్తం చిరునామాలు దాదాపు 429 కోట్లు. ఇవి చాలవని 1990ల ఆరంభంలోనే తేలిపోయింది. కొద్ది బహిరంగ చిరునామాల వెనక అనేక యంత్రాలను నిలిపే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, అంటే నాట్ పద్ధతిని 1994 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1631 వివరించింది. తాత్కాలిక ఉపశమనంగానే దాన్ని ప్రతిపాదించారు. 1996 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 1918 మూడు చిరునామా శ్రేణులను ప్రైవేటు వాడకానికి కేటాయించింది: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. ఇవి ఇంటర్నెట్‌లో రూట్ కావు కాబట్టి ఎవరైనా తమ లోపలి నెట్‌వర్కులో వాడుకోవచ్చు.

లినక్స్‌లో ఈ పద్ధతి మాస్కరేడింగ్ అన్న పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ఒకే డయలప్ మోడెం, దానికి తగిలించిన పాత 486 కంప్యూటర్, వెనక ఓ నాలుగైదు యంత్రాలు: 1990ల రెండో సగంలో ఇలాంటి ఏర్పాటుతోనే చాలామందికి లినక్స్ పరిచయమైంది. కొత్త పనులకు చాలని కంప్యూటరు గేట్‌వేగా హాయిగా నడిచేది. మోడెం వేగమే అంత తక్కువ కనుక ప్రాసెసర్ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది.

ప్రపంచ స్థాయి నిల్వలో ఉన్న ఐపీవీ4 చిరునామాలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ ఏపీనిక్ అదే ఏడు ఏప్రిల్‌లో చివరి కోటా నియమాలకు మారింది. కొరత పెరిగేకొద్దీ అనేక ఇంటర్నెట్ సంస్థలు సైతం తమ చందాదారులను నాట్ వెనక ఉంచసాగాయి. దీన్ని క్యారియర్ గ్రేడ్ నాట్ అంటారు. దీనికోసం 2012 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6598 ద్వారా 100.64.0.0/10 శ్రేణిని విడిగా కేటాయించారు.

చరిత్ర: ప్యాకెట్ ఫిల్టర్లు

1988 నవంబరులో మోరిస్ వర్మ్ వేలాది యూనిక్స్ యంత్రాలను స్తంభింపజేసింది. నెట్‌వర్క్ సరిహద్దులో కాపలా ఉండాలన్న ఆలోచనకు అది బలమిచ్చింది. విలియం చెస్విక్, స్టీవెన్ బెలోవిన్ 1994లో వెలువరించిన పుస్తకం ఫైర్‌వాల్ నిర్మాణాన్ని ఒక శాస్త్రంగా స్థిరపరిచింది.

లినక్స్‌లో ఫిల్టర్ సాధనం నాలుగు తరాలు మారింది. కెర్నెల్ 2.0 నాటి ఐపీఎఫ్‌డబ్ల్యూఅడ్మ్, 2.2తో ఐపీచెయిన్స్, 2001 జనవరిలో వచ్చిన 2.4తో ఐపీటేబుల్స్, 2014 జనవరిలో వచ్చిన 3.13తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్. చివరి రెండూ నెట్‌ఫిల్టర్ అనే ఒకే చట్రం మీద నిలిచినవే. మార్పు వచ్చిన ప్రతిసారీ పాత నియమాలను తిరగరాయవలసి వచ్చేది. ఇప్పటికీ చాలామంది ఐపీటేబుల్స్ ఆదేశాలే రాస్తారు. కొత్త డిస్ట్రిబ్యూషన్లు వాటిని లోలోపల ఎన్‌ఎఫ్‌టేబుల్స్ రూపంలోకి మార్చుకుంటాయి.

ఓపెన్‌బీఎస్‌డీ కథ వేరు. అందులో వాడుతున్న ఐపీఫిల్టర్ లైసెన్సుపై 2001లో వివాదం వచ్చి దాన్ని తొలగించారు. ఆ ఖాళీని పూరించడానికి డానియెల్ హార్ట్‌మైయర్ పీఎఫ్ అనే కొత్త ఫిల్టరు రాశాడు. 2001 డిసెంబరులో విడుదలైన ఓపెన్‌బీఎస్‌డీ 3.0తో అది బయటికి వచ్చింది. తర్వాత ఫ్రీబీఎస్‌డీలోకీ, యాపిల్ మ్యాక్ సిస్టంలోకీ చేరింది. చదవడానికి తేలికగా ఉండే నియమాల భాష పీఎఫ్ ప్రధాన ఆకర్షణ. ఫ్రీబీఎస్‌డీకి సొంతంగా ఐపీఎఫ్‌డబ్ల్యూ అనే ఫిల్టరు కూడా ఉంది.

చరిత్ర: సిద్ధంగా దొరికే గేట్‌వే సిస్టంలు

అన్నిటినీ చేత్తో అమర్చుకోనక్కరలేకుండా, గేట్‌వే పనికే పరిమితమైన డిస్ట్రిబ్యూషన్లు 1990ల చివరినుంచి వచ్చాయి. ఒక్క ఫ్లాపీలో ఇమిడిన లినక్స్ రూటర్ ప్రాజెక్టు వాటిలో తొలితరానిది. ఫ్రీబీఎస్‌డీ ఆధారంగా మాన్యుయెల్ కాస్పర్ రూపొందించిన మోనోవాల్ నుంచి 2004లో పీఎఫ్‌సెన్స్ చీలింది, దాని నుంచి 2015లో ఓపీఎన్‌సెన్స్ చీలింది. వీటిని బ్రౌజర్ తెరమీదే అమర్చుకోవచ్చు.

లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రూటర్ చరిత్ర ఇంకా ఆసక్తికరం. దానిలో నడుస్తున్నది లినక్సేనని బయటపడింది. జీపీఎల్ లైసెన్సు ప్రకారం 2003లో ఆ కంపెనీ సోర్సు కోడును విడుదల చేయవలసి వచ్చింది. ఆ కోడునుంచే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. మైక్రోటిక్ రూటర్లలోని రూటర్‌ఓఎస్ కూడా లినక్స్ కెర్నెల్ మీద కట్టినదే.

చరిత్ర: భారతదేశంలో

భారతదేశంలో పరిశోధనా సంస్థలను కలిపిన ఎర్నెట్ 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఆధ్వర్యంలో, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో మొదలైంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ అందులో భాగస్వాములు. తొలి ఈమెయిళ్లు యూనిక్స్ యంత్రాల మధ్య యూయూసీపీ పద్ధతిలో, డయలప్ లైన్ల మీద వెళ్లాయి. సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా అందింది. 1998లో ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చాక ఊరూరా సైబర్ కేఫ్‌లు వెలిశాయి. ఒక్క కనెక్షన్‌ను పది యంత్రాలకు పంచడమే అక్కడి అసలు సమస్య కాబట్టి, నాట్ గేట్‌వేలూ ప్రాక్సీ సర్వర్లూ వాటికి ప్రాణాధారమయ్యాయి. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక మోడెంను బ్రిడ్జ్ పద్ధతిలో ఉంచి, పీపీపీఓఈ లాగిన్‌ను లినక్స్ యంత్రానికే అప్పగించడం సాధ్యమైంది. నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాల్లో కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే అనేక కనెక్షన్లకు ఈ పీపీపీఓఈ లాగిన్ విధానమే వాడుకలో ఉంది.

యంత్ర సామగ్రి

రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఏ కంప్యూటరైనా సరిపోతుంది. ఒకే కార్డున్నా, వీల్యాన్ అర్థమయ్యే స్విచ్ ఉంటే లోపలి, బయటి నెట్‌వర్కులను ఒకే తీగ మీద వేరుచేయవచ్చు. రోజంతా నడిచే యంత్రం కాబట్టి కరెంటు ఖర్చు లెక్కలోకి తీసుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఊరికే దొరికినా, ఫ్యాన్ లేని చిన్న పెట్టె ఏడాది బిల్లులో ఆ తేడాను తీర్చేయవచ్చు. కరెంటు పోయినప్పుడు ఫైబర్ టెర్మినల్, గేట్‌వే రెండూ ఒకే యూపీఎస్ మీద ఉండటం మంచిది.

పనిచేసే విధానం

ఫార్వర్డింగ్. ఇంటర్‌ఫేసుకు వచ్చిన ప్యాకెట్ గమ్యం తన చిరునామా కాకపోతే, ఫార్వర్డింగ్ ఆఫ్‌లో ఉన్న కెర్నెల్ దాన్ని పారేస్తుంది. ఆన్‌లో ఉంటే రూటింగ్ పట్టిక చూస్తుంది, గమ్యానికి సరిపోలే మార్గాల్లో అతి నిర్దిష్టమైనదాన్ని ఎంచుకుంటుంది, ఆయుఃపరిమితి అంకెలో ఒకటి తగ్గిస్తుంది, రెండో ఇంటర్‌ఫేసు గుండా పంపిస్తుంది. ఏ మార్గమూ సరిపోకపోతే డిఫాల్ట్ రూటు పనిచేస్తుంది. సాధారణంగా అది ఇంటర్నెట్ సంస్థ రూటరు వైపు చూపిస్తుంది.

చిరునామా మార్పిడి. లోపలి నెట్‌వర్క్ 192.168.10.0/24, గేట్‌వే బయటి చిరునామా 203.0.113.7 అనుకుందాం. లోపల 192.168.10.25 చిరునామా ఉన్న కంప్యూటర్ తన 51514 పోర్టునుంచి 198.51.100.80 అనే వెబ్ సర్వర్ 443 పోర్టుకు ప్యాకెట్ పంపింది. గేట్‌వే దాని మూల చిరునామాను 203.0.113.7గా మారుస్తుంది. ఆ పోర్టును అదే సర్వరుతో మరో యంత్రం వాడుతుంటే పోర్టు సంఖ్యనూ మారుస్తుంది. చెక్‌సమ్‌లు తిరిగి లెక్కకట్టి బయటికి పంపుతుంది. జవాబు 203.0.113.7కే వస్తుంది. అది ఎవరిదో గేట్‌వేకు తెలిసేది ముందే రాసిపెట్టుకున్న పట్టిక వల్ల.

సంబంధాల పట్టిక. కార్యాలయంలో ఇన్‌వర్డ్, ఔట్‌వర్డ్ రిజిస్టరు ఎలాంటిదో గేట్‌వేకు ఈ పట్టిక అలాంటిది. మూల చిరునామా, మూల పోర్టు, గమ్య చిరునామా, గమ్య పోర్టు, ప్రోటోకాల్ అనే ఐదు వివరాలతో ఒక్కో సంభాషణా ఒక్కో పద్దుగా నమోదవుతుంది. దీన్ని లినక్స్‌లో కనెక్షన్ ట్రాకింగ్ అనీ, పీఎఫ్‌లో స్టేట్ టేబుల్ అనీ అంటారు. పద్దుకు గడువుంటుంది. లినక్స్‌లో స్థిరపడిన టీసీపీ సంభాషణకు డిఫాల్టుగా ఐదు రోజులు, ఒకవైపే కదిలిన యూడీపీకి 30 సెకన్లు. పట్టికకు గరిష్ఠ పరిమాణం కూడా ఉంటుంది. అది నిండితే కొత్త కనెక్షన్లు ఒక్కటీ కుదరవు, పాతవి మాత్రం చక్కగా నడుస్తుంటాయి. ఒక్క టోరెంట్ వాడకందారు వల్ల కార్యాలయమంతా ఇంటర్నెట్ ఆగినట్టు కనిపించే సందర్భాల్లో ముందు చూడవలసింది ఈ పట్టికనే.

నియమాల వరుస. నెట్‌ఫిల్టర్‌లో ప్యాకెట్ ప్రయాణానికి ఐదు మజిలీలున్నాయి: ప్రీరూటింగ్, ఇన్‌పుట్, ఫార్వర్డ్, అవుట్‌పుట్, పోస్ట్‌రూటింగ్. గేట్‌వేకే ఉద్దేశించిన ప్యాకెట్ ఇన్‌పుట్‌లోకి పోతుంది, దాటిపోవలసినది ఫార్వర్డ్‌లోకి పోతుంది. గమ్య చిరునామా మార్పిడి ప్రీరూటింగ్‌లో, మూల చిరునామా మార్పిడి పోస్ట్‌రూటింగ్‌లో జరుగుతాయి. అందువల్ల ఫార్వర్డ్ నియమాలు రాసేటప్పుడు బయటికి పోయే ప్యాకెట్‌లో ఇంకా లోపలి చిరునామాయే కనిపిస్తుంది. బయటినుంచి లోపలి సర్వరుకు మళ్లించిన ప్యాకెట్‌లో అప్పటికే మారిన చిరునామా కనిపిస్తుంది. ఇది తెలియక బయటి చిరునామాతో రాసిన నియమం ఎన్నటికీ సరిపోలదు. ఐపీటేబుల్స్‌లో మొదట సరిపోలి తీర్పు చెప్పిన నియమమే చెల్లుతుంది. పీఎఫ్‌లో, క్విక్ అన్న మాట చేర్చకపోతే, చివర సరిపోలినది చెల్లుతుంది. ఒకదాని అలవాటుతో రెండోదానిలో నియమాలు రాస్తే అర్థం తలకిందులవుతుంది.

ఏర్పాటు క్రమం

మొదట ఏ ఇంటర్‌ఫేసు ఏ వైపుదో నిర్ధారించుకోవాలి. బీఎస్‌డీలలో డ్రైవరును బట్టి ఈఎం0, ఆర్‌ఈ0 వంటి పేర్లుంటాయి. లినక్స్‌లో ఒకప్పటి ఈటీహెచ్0, ఈటీహెచ్1 స్థానంలో ఇప్పుడు కార్డు అమరిన స్థానాన్ని తెలిపే పేర్లు వస్తున్నాయి. తీగ పీకి, మళ్లీ పెట్టి లింకు స్థితి చూడటం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

లోపలి ఇంటర్‌ఫేసుకు స్థిరమైన చిరునామా ఇవ్వాలి, ఉదాహరణకు 192.168.10.1. ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన మోడెం తరచుగా 192.168.1.0/24 శ్రేణిని వాడుతుంది. లోపలా అదే శ్రేణి పెడితే రెండు వైపులా ఒకే నెట్‌వర్క్ ఉందని కెర్నెల్ భ్రమపడుతుంది. బయటి ఇంటర్‌ఫేసుకు చిరునామా సంస్థ పద్ధతిని బట్టి డీహెచ్‌సీపీ ద్వారానో, పీపీపీఓఈ ద్వారానో, స్థిరంగానో వస్తుంది. డిఫాల్ట్ రూటు బయటివైపు మాత్రమే ఉండాలి. లోపలి ఇంటర్‌ఫేసుకు కూడా గేట్‌వే గడి నింపడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు.

తర్వాతి మెట్టు ఫార్వర్డింగ్ ఆన్ చేయడమని చాలా మార్గదర్శకాలు రాస్తాయి. ఆ వరుస సరైనది కాదు. నియమావళి ముందు అమల్లోకి రావాలి, ఆ తర్వాతే ఫార్వర్డింగ్ తెరవాలి. యంత్రం తిరిగి మొదలైనప్పుడూ ఇదే క్రమం ఉండాలి. లేకపోతే ప్రతి బూటులోనూ కొన్ని క్షణాలపాటు ద్వారం తెరిచే ఉంటుంది.

కనీస నియమావళి చిన్నదే. ఇన్‌పుట్, ఫార్వర్డ్ రెండింటికీ డిఫాల్ట్ తీర్పు నిరాకరణ. ఇప్పటికే నమోదైన సంభాషణలకు చెందిన ప్యాకెట్లకు అనుమతి. లోపలినుంచి బయటికి మొదలయ్యే సంభాషణలకు అనుమతి. లోపలినుంచి గేట్‌వేకు వచ్చే డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్, పింగ్, నిర్వహణకు కావలసిన ఎస్‌ఎస్‌హెచ్‌కు అనుమతి. బయటి ఇంటర్‌ఫేసు గుండా పోయే ప్యాకెట్లకు మాస్కరేడింగ్. వీటితో పాటు, ప్రైవేటు శ్రేణి మూల చిరునామాతో బయటినుంచి వచ్చే ప్యాకెట్లను పారేయాలి. తనది కాని మూల చిరునామాతో లోపలినుంచి పోయేవాటినీ ఆపాలి. ఈ రెండోది ఇతరుల మేలు కోసం చేసేది. 2000 మే నాటి ఆర్‌ఎఫ్‌సీ 2827 సిఫార్సు ఇదే.

నెట్‌వర్క్ లోపాల సందేశాలను మోసే ఐసీఎంపీని మొత్తంగా మూసేయడం భద్రత అనుకునేవారున్నారు. అందులోనే ప్యాకెట్ పెద్దదైందని తెలిపే సందేశం కూడా ఉంది. దాన్ని ఆపితే కనెక్షన్లు మొదలై మధ్యలో నిలిచిపోతాయి (చూ. ఎంటీయూ సమస్యలు).

సేవలు తర్వాత వస్తాయి. లోపలి యంత్రాలకు చిరునామాలు లీజుకిచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ లోపలి ఇంటర్‌ఫేసులోనే వినాలి. అది బయటివైపు కూడా జవాబిస్తే పొరుగువారి కనెక్షన్లు చెడతాయి. డీఎన్‌ఎస్‌కు అన్‌బౌండ్, బైండ్ వంటివి వాడతారు. చిన్న నెట్‌వర్కులకు డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ రెండూ చేసే డీఎన్‌ఎస్‌మాస్క్ చాలు. డీఎన్‌ఎస్ సేవ బయటి ప్రపంచానికి తెరిచి ఉండకూడదు. అలాంటి సర్వర్లను దుండగులు చిన్న ప్రశ్నతో పెద్ద జవాబు పుట్టించి మూడోవారి మీదికి మళ్లించే దాడులకు వాడుకుంటారు. ఎన్‌టీపీతో గడియారం సరిచేసుకోవడం చివర్లో గుర్తొచ్చే పని అయినా, నమోదు పుస్తకాలకు విలువ దానివల్లే వస్తుంది.

పరీక్ష అంచెలవారీగా సాగాలి. గేట్‌వేనుంచి బయటి చిరునామాకు పింగ్, లోపలి యంత్రంనుంచి గేట్‌వేకు పింగ్, లోపలి యంత్రంనుంచి బయటి చిరునామాకు పింగ్, చివరగా పేరుతో పింగ్. మూడోది విఫలమైతే ఫార్వర్డింగ్‌లోనో నాట్‌లోనో లోపం. నాలుగోది మాత్రమే విఫలమైతే డీఎన్‌ఎస్ లోపం. రెండు ఇంటర్‌ఫేసుల మీదా టీసీపీడంప్ పెట్టి చూస్తే ప్యాకెట్ ఎక్కడ ఆగిందో కంటికి కనిపిస్తుంది. దూరంనుంచి నిర్వహించే గేట్‌వేలో నియమాలు మార్చేటప్పుడు, నిర్ధారించకపోతే కొద్ది నిమిషాల్లో పాత నియమాలే తిరిగి వచ్చేలా ఏర్పాటు చేసుకోవాలి. తన ఎస్‌ఎస్‌హెచ్‌ను తానే మూసుకుని అర్ధరాత్రి బండెక్కి వెళ్లిన నిర్వాహకులకు లోటు లేదు.

రకాలు

నాట్ చేయకుండా బహిరంగ చిరునామాలనే రూట్ చేసేది శుద్ధ రూటింగ్ గేట్‌వే. లోపలివారి తరఫున తానే వెబ్ సైట్లతో మాట్లాడేది ప్రాక్సీ గేట్‌వే. 1996 నుంచి ఉన్న స్క్విడ్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఒకప్పుడు ఒకసారి తెచ్చిన పేజీని దాచి అందరికీ ఇవ్వడం దాని ప్రధాన ప్రయోజనం. వెబ్ దాదాపు అంతా ఎన్‌క్రిప్షన్‌లోకి మారాక ఆ ప్రయోజనం బాగా తగ్గింది. ఐపీ చిరునామా లేకుండా రెండు తీగల మధ్య కూర్చుని ప్యాకెట్లను వడపోసేది బ్రిడ్జ్ ఫైర్‌వాల్. రెండు యంత్రాలు ఒకే చిరునామాను పంచుకుని, ఒకటి ఆగితే రెండోది అందుకునేది జంట గేట్‌వే. ఓపెన్‌బీఎస్‌డీ 2004లో కార్ప్ ప్రోటోకాల్‌తో దీన్ని అందించింది. సంబంధాల పట్టికను రెండింటి మధ్య పంచే పీఎఫ్‌సింక్ తోడుండటం వల్ల యంత్రం మారినా నడుస్తున్న సంభాషణ తెగదు. శాఖా కార్యాలయాలను కలిపే వీపీఎన్ గేట్‌వేలకు ఐపీసెక్, ఓపెన్‌వీపీఎన్ చాలాకాలం వాడుకలో ఉన్నాయి. 2020 మార్చిలో లినక్స్ 5.6తో కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ ఆ పనిని చాలా తేలిక చేసింది.

ఐపీవీ6 గేట్‌వే

ఐపీవీ6లో చిరునామా 128 బిట్లు కనుక నాట్ అవసరం లేదు. ఇంటర్నెట్ సంస్థ డీహెచ్‌సీపీవీ6 ద్వారా ఒక ప్రిఫిక్స్‌ను గేట్‌వేకు అప్పగిస్తుంది. గేట్‌వే దాన్ని /64 ముక్కలుగా చేసి లోపల ప్రకటిస్తుంది. యంత్రాలు తమ చిరునామాలను తామే కూర్చుకుంటాయి. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఐపీవీ4 నియమాలు జాగ్రత్తగా రాసి ఐపీవీ6ను మరిచిపోతే లోపలి యంత్రాలన్నీ బయటికి నేరుగా కనబడతాయి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో రెండు ప్రోటోకాల్‌లకూ ఒకే పట్టికలో నియమాలు రాసే వీలుంది. పాత ఐపీటేబుల్స్‌లో రెండూ విడివిడి. ఐపీవీ6లో ఐసీఎంపీని మూయడం మరింత హానికరం. పొరుగు యంత్రాలను కనుగొనే పని కూడా దానిమీదే నడుస్తుంది.

భద్రత

నాట్ ఉంటే ఫైర్‌వాల్ ఉన్నట్టేనన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది, అది సరికాదు. నాట్ చేసేది చిరునామా మార్పిడి మాత్రమే. బయటినుంచి అడగకుండా వచ్చిన ప్యాకెట్‌కు పట్టికలో పద్దు లేకపోవడం దాని ఉపఫలం. బయటి ఇంటర్‌ఫేసు ఉన్న అదే నెట్‌వర్కులో కూర్చున్నవారు 192.168.10.0/24 శ్రేణికి మార్గం ఈ గేట్‌వే అని తమ యంత్రంలో రాసుకుంటే, ఫార్వర్డ్ నియమాలు లేని గేట్‌వే ఆ ప్యాకెట్లను లోపలికి మామూలుగా చేరవేస్తుంది. నిరాకరణ నియమమే రక్షణ.

గేట్‌వే మీద నడిచే సేవలు ఎంత తక్కువైతే అంత మంచిది. అదే యంత్రం మీద ఫైల్ సర్వరు, వెబ్‌సైటు, డేటాబేసు పెట్టడం పొదుపుగా కనిపించినా, వాటిలో ఒక్క లోపం బయటపడితే సరిహద్దే చేజారుతుంది. బయటివారికి సేవలందించే సర్వర్లను మూడో ఇంటర్‌ఫేసు మీద వేరే నెట్‌వర్కులో ఉంచి, అక్కడినుంచి లోపలికి దారి మూసేయడం సంప్రదాయం. నవీకరణలు ఆగిపోయిన గేట్‌వే, అది ఎంత చక్కగా అమర్చినదైనా, కాలక్రమంలో బలహీనపడుతుంది. ప్రత్యేక రూటర్ పెట్టెలతో పోల్చినప్పుడు యూనిక్స్ గేట్‌వే మేలు ఎక్కువగా కనబడేది ఇక్కడే. పెట్టెకు తయారీదారు నవీకరణలు ఆపేసినా, సాధారణ కంప్యూటరుకు కొత్త సిస్టం వేసుకోవచ్చు.

పనితీరు, వరుసల నియంత్రణ

సెకనుకు ఒక గిగాబిట్ లైన్‌లో అతి చిన్న ఈథర్నెట్ ఫ్రేములు మాత్రమే వస్తే అవి సెకనుకు దాదాపు 14.88 లక్షలు. కెర్నెల్‌కు భారమయ్యేది బైట్ల మొత్తం కన్నా ఈ ప్యాకెట్ల సంఖ్యే. ఇళ్లలో, కార్యాలయాల్లో ప్యాకెట్లు సగటున పెద్దవి కాబట్టి మామూలు ప్రాసెసర్లు గిగాబిట్ వేగాన్ని తట్టుకుంటాయి. అంతకు మించిన చోట, నమోదైన సంభాషణలను పూర్తి నియమావళి గుండా పంపకుండా నేరుగా దాటించే ఫ్లోటేబుల్ సౌకర్యం 2018లో లినక్స్ 4.16తో వచ్చింది.

వినియోగదారు అనుభవాన్ని వేగం కన్నా ఎక్కువగా ఆలస్యం చెడగొడుతుంది. మోడెంలో ప్యాకెట్లు పేరుకుపోయి, ఎవరో వీడియో ఎక్కిస్తున్నప్పుడు వీడియో కాల్ ముక్కలవడం బఫర్‌బ్లోట్ లక్షణం. 2012లో లినక్స్ 3.5తో వచ్చిన ఎఫ్‌క్యూ కోడెల్, 2018లో 4.19తో వచ్చిన కేక్ అనే వరుస నిర్వాహకాలు దీనికి మందు. లైన్ అసలు వేగం కన్నా కొంచెం తక్కువకు గేట్‌వేను పరిమితం చేయాలి. అప్పుడు వరుస మోడెంలో కాక గేట్‌వేలో ఏర్పడుతుంది, దాన్ని క్రమపరచే అవకాశం చిక్కుతుంది. నెలకు వందలు ఎక్కువ చెల్లించి పెద్ద ప్లానుకు మారడం కన్నా ఈ ఒక్క అమరిక చాలా ఇళ్లలో ఎక్కువ మేలు చేస్తుంది.

ఎంటీయూ సమస్యలు, ఇతర పరిమితులు

ఈథర్నెట్ ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. 1999 ఫిబ్రవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 2516 ప్రకారం పీపీపీఓఈ అందులో 8 బైట్లు తినేస్తుంది, 1492 మిగులుతాయి. లోపలి యంత్రాలకు ఈ సంగతి తెలియదు. దారిలో ఎక్కడో ఐసీఎంపీ ఆగిపోతే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో నిలుస్తాయి. చిన్న పేజీలు వస్తాయి, పెద్దవి రావు. గేట్‌వేలో టీసీపీ ముక్క పరిమాణాన్ని 1452కు కుదించే నియమం ఒక్కటి చేర్చితే చాలు. తలపట్టుకోవలసినంత చిక్కుగా కనబడే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం.

చిరునామాలను డేటాలోనే మోసే ఎఫ్‌టీపీ, సిప్ వంటి ప్రోటోకాల్‌లు నాట్ దాటడంలో తరచుగా ఇబ్బంది పడతాయి. వాటికి కెర్నెల్‌లో సహాయక మాడ్యూళ్లున్నాయి, కానీ సిప్ సహాయకం తరచుగా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. గేట్‌వే బయటి చిరునామా 100.64.0.0 నుంచి 100.127.255.255 మధ్య ఉంటే సంస్థే మరో నాట్ నడుపుతున్నదని అర్థం. అప్పుడు పోర్టు మళ్లింపు నియమాలు ఎంత సరిగా రాసినా బయటినుంచి ఎవరూ లోపలికి రాలేరు. స్థిర బహిరంగ చిరునామా కొనుక్కోవడమో, ఐపీవీ6 వాడటమో, బయటి సర్వరుతో వీపీఎన్ నెలకొల్పడమో మిగిలిన మార్గాలు.

నమోదులు, చట్టపరమైన బాధ్యతలు

భారతదేశంలో 2011 నాటి సైబర్ కేఫ్ మార్గదర్శక నియమాల ప్రకారం నిర్వాహకులు వాడకందారుల నమోదును, సందర్శించిన వెబ్‌సైట్ల చరిత్రను, ప్రాక్సీ సర్వర్ లాగులను కనీసం ఏడాదిపాటు భద్రపరచాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాలు సేవా సంస్థలు, మధ్యవర్తులు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ లాగులను 180 రోజులపాటు ఉంచాలనీ, గడియారాలను ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాల సర్వర్లతోనో, వాటితో అనుసంధానమైన సర్వర్లతోనో సరిచూసుకోవాలనీ నిర్దేశించాయి. ఒకే బహిరంగ చిరునామా వెనక అనేకమంది ఉండే గేట్‌వేలో చిరునామా ఒక్కటే తెలిస్తే ఎవరినీ గుర్తించడం కుదరదు. మూల పోర్టు సంఖ్య, ఖచ్చితమైన సమయం కూడా నమోదై ఉండాలి. సర్వర్ల నిర్వాహకులు మూల పోర్టును సైతం రాసిపెట్టాలని 2011 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6302 సిఫార్సు చేసింది.